కూర్చోకూడని ఉద్యోగం

చెప్పుల షోరూములో మేనేజరుగారి శాసనం ఒక్కటే: కస్టమరు నిలబడకూడదు, మనం కూర్చోకూడదు. కస్టమరు కాళ్ల ముందు గొంతుక్కూర్చోవడం మాత్రం కూర్చోవడం కింద లెక్క కాదట. అది సేవ అట. ఆ సేవను ఏళ్ల తరబడి చేస్తున్న సీనియర్ సేల్స్‌గర్ల్‌ని అక్కడ అందరూ పెద్దక్క అంటారు. షోరూమువారి హైహీల్స్ వేసుకుని, మునివేళ్ల మీద కూర్చుని, చెప్పు నొక్కుతోందన్న ప్రతివారికీ "రెండ్రోజులు వేసుకోండి మేడమ్, అదే అలవాటవుతుంది" అని నవ్వుతూ అంటగట్టేది.

ఆమె కుడిపాదంలో రెండో వేలి మొదట్లో నొప్పి పుట్టేసరికి ఇంట్లో వైద్యులకు కొదవ లేకపోయింది. అత్తగారు వేడినీళ్లన్నారు. ఆడపడుచు ఫోన్లోనే పరీక్షించి ఐసు పెట్టమంది. మొగుడుగారైతే టీవీ మీంచి చూపు తిప్పకుండానే జబ్బు కనిపెట్టేశారు.

"బెణికుంటుందిలే. రెండ్రోజుల్లో అదే పోతుంది."

తను అందరికీ చెప్పే మాట తనకే చెప్పేసరికి పెద్దక్కకు ఒళ్లు మండిపోయింది. మండినా మర్నాడు హీల్స్ వేసుకునే వెళ్లింది. ఇలా కొన్ని నెలలు గడిచాక, నేలమీద కాలు మోపడమే గగనమైపోయి, ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించింది. ఆ వేలి వెనక ఉన్న పొడుగాటి ఎముక తల గుండ్రంగా ఉండాల్సింది కాస్త అణిగిపోయి ఉంది.

"ఇక్కడికి రక్తం సరిగ్గా అందట్లేదమ్మా. అలా నీరసించిన ఎముకని మీరు రోజూ నొక్కుతున్నారు. హీల్స్ మానేయండి. మునివేళ్ల మీద కూర్చోవద్దు. అడుగు వంగని బూటు వేసుకుని, లోపల చిన్న ప్యాడ్ పెట్టుకోండి. ఆ ఎముక మీద బరువు తగ్గిస్తే చాలామందికి నెమ్మదిస్తుంది. ఇలాగే నొక్కితే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు."

"నా ఉద్యోగమే మునివేళ్ల మీదండీ."

"అయితే ఓ పీట వేసుకుని చెయ్యండి."

మర్నాడు షోరూములో పీట అన్న మాట వినగానే మేనేజరుగారు సింహాసనం అడిగినట్టు ఉలిక్కిపడ్డారు.

"ఇవాళ పీటంటావు, రేపు పరుపంటావు. కాలు బాగయ్యాకే రామ్మా. ఈలోగా ఇంకో అమ్మాయిని చూసుకుంటాం."

ఎముకను కాపాడుకుంటే ఉద్యోగం పోతుంది, ఉద్యోగాన్ని కాపాడుకుంటే ఎముక పోతుంది. రాత్రంతా పెద్దక్క ఏడ్చింది. తెల్లారేసరికి ఏడుపు పోయి కోపం మిగిలింది.

షోరూము తెరవగానే వచ్చి, దర్జాగా కస్టమర్ల కుర్చీలో కూర్చుంది.

"అడుగు వంగని బూటు చూపించండి."

మిగతా అమ్మాయిలంతా ఒక్కసారిగా దుమ్ము దులపడంలో మునిగిపోయారు. ఆ షోరూములో అంత శ్రద్ధగా పని ఎన్నడూ జరగలేదు. పక్క కుర్చీల్లో నిజం కస్టమర్లు చూస్తున్నారు. మేనేజరుగారికి గొంతుక్కూర్చోక తప్పలేదు.

పెద్దక్క మొదటి బూటు అడుగును చేత్తో వంచి చూసింది. "ఇది వంగుతోంది. ఇంకోటి." అది వెడల్పు చాలలేదు. ఇంకోటి. ప్రతిసారీ ఆయన అరలు పట్టుకుని లేవడం, ఆయాసపడుతూ కూలబడడం. మొహం కందగడ్డయింది.

"ఇది వేళ్ల దగ్గర నొక్కుతోంది సార్."

"రెండ్రోజులు వేసుకోమ్మా, అదే అలవాటవుతుంది."

"ఎముకకు అలవాటవదు సార్. అణిగిపోతుంది."

ఆయన జవాబు చెప్పబోయి, మోకాలు పట్టేసి, "అమ్మా" అన్నారు. పైఅరలు అందుకోవడానికి వాడే పొట్టి పీట పక్కనే ఉంది. దాన్ని లాక్కుని, దాని మీద కూలబడి, హాయిగా ఊపిరి వదిలారు. దుమ్ము దులపడం ఆగిపోయింది.

చివరి జత సరిపోయింది. పెద్దక్క అది వేసుకునే లేచి నిలబడింది.

"ఆ పీట ఇక్కడే ఉండనివ్వండి సార్. డ్యూటీ ఎక్కుతున్నాను."

కాదనాలంటే మేనేజరుగారు ముందు ఆ పీట మీంచి లేవాలి. ఆయన లేవలేదు.