మొండయ్య గునియా

బాబుపేట్‌లో మొండయ్య గునియా అంటే కోర్టు తీర్పు. అరచేతిలో ఇమిడే ఉక్కు వస్తువది. ఒక మందపాటి కాలు, దానికి అడ్డంగా బిగించిన పలుచటి పట్టీ. ఏ మూలకు ఆనించినా ఆ మూల సరిగ్గా ఉందో లేదో తేల్చేస్తుంది. తలుపులు చేసేవాళ్లూ గేట్లు చేసేవాళ్లూ, చివరికి గోడలు కట్టే మేస్త్రీలు కూడా తగువొస్తే "పా, మొండన్న తాన్కి పోదాం" అనేవాళ్లు. మొండయ్య చూసి, తీర్పు చెప్పి, గునియాను టేకు డబ్బాలో పెట్టేసేవాడు. దానికి పైకోర్టు ఒకటుంటుందని ఎవరూ అనుకోలేదు.

పైకోర్టు తొంభై నాలుగులో స్కూటర్ మీద వచ్చింది. దాని పేరు చక్రపాణి. గుంటూరు వైపు కుర్ర ఇంజినీరు, సిమెంటు ఫ్యాక్టరీ బయటి షాపుల్లో చేయించే సామాను తనిఖీ చేస్తాడు. ఒకప్పుడు విదేశీ పనిముట్టు కావాలంటే లైసెన్సు కోసం ఢిల్లీ దాకా తిరగాలి. ఇప్పుడు నాగ్‌పూర్‌లో చెబితే చాలు, ఇంటికొస్తోంది. అలా వచ్చిన జర్మనీ గునియా ఒకటి మఖమల్ పెట్టెలో అతని సంచిలో ఉంది. మొండయ్య ఫ్యాక్టరీకి చేసిన నాలుగు ఇనుప దిమ్మెలకూ దాన్ని ఆనించి, కిటికీ వైపు తిప్పి చూశాడు. సందులోంచి సన్నగా వెలుగు కనిపించింది.

"మూల కుదరలేదండీ మొండయ్య గారూ. నాలుగూ ఒకేలా తేడాగా ఉన్నాయి."

"మీ గునియానే తప్పేమో సారు."

"రెండింట్లో ఒకటి తప్పేనండీ," అన్నాడు చక్రపాణి మర్యాదగా. "శనివారం లోపు మళ్లీ చేసివ్వండి. లేకపోతే ఫ్యాక్టరీ లిస్టులో మీ పేరు నిలబెట్టడం నా చేతుల్లో ఉండదు." టీ తాగి, బాగుందని చెప్పి మరీ వెళ్లాడు.

గునియాను పరీక్షించడం పెద్ద విద్యేమీ కాదు. తిన్నని అంచున్న పలక ఒకటి తీసుకుని, గునియా కాలును ఆ అంచుకు నొక్కి, పట్టీ వెంట ఒక గీత గీయాలి. గునియాను బోర్లించి అదే చోట ఇంకో గీత గీయాలి. గీతలు ఒకదాని మీద ఒకటి పడితే గునియా సరైనది. విడిపోతే కాదు. పని నేర్చుకునేవాడు మొదటి నెలలో నేర్చే పాఠం. మొండయ్య ఇరవై ఆరేళ్లుగా ఆ పరీక్ష పెట్టలేదు. ఎందుకంటే ఆ గునియాను తనకు పని నేర్పిన రామకిషన్ ఉస్తాద్ ఒప్పుకున్నాడు. మళ్లీ చూడటమంటే ఉస్తాద్‌ను అనుమానించడమే కదా.

బల్లార్‌పూర్ గని వర్క్‌షాపులో పని నేర్చుకునే రోజుల్లో, ఆకురాయితో రుద్ది రుద్ది మూడు నెలల్లో చేశాడు దాన్ని. ఉస్తాద్ ఏడుసార్లు వెలుగుకేసి చూసి, ఏడుసార్లూ మాట్లాడకుండా బల్ల మీద పడేశాడు. ఎనిమిదోసారి "ఠీక్" అన్నాడు. ఆయన బతికుండగా మొండయ్యను మెచ్చిన మాట అదొక్కటే. దాని మీదే మొండయ్య సొంత షాపు పెట్టాడు.

ఆ మధ్యాహ్నం మొండయ్య పలక తుడిచి, రెండు గీతలు గీశాడు. గీతలు విడిపోయాయి.

అన్నం తినబుద్ధి కాలేదు. లిస్టులోంచి పేరు పోతే పోయింది, దానికి కాదు. ఎనిమిదోసారి ఉస్తాద్ జాలిపడి అన్నాడా? పనికిరానివాడని తెలిసి, విసుగొచ్చి వదిలేశాడా? అడుగుదామంటే ఆయన పోయి పదేళ్లయింది. మొండయ్యకు ఏడుపొచ్చింది. షాపులో అందరూ చూస్తారని కళ్లలో ఇనుప రజను పడినట్టు నటించాడు.

పక్క షాపులో గేట్లు చేసే ఆశన్న విషయం తెలిసి లగెత్తుకొచ్చాడు.

"నీ గునియా తప్పయితే నా గేట్లన్నీ తప్పేనా అన్నా?"

"అన్నీ."

"మరి ఒక్క గేటు గూడ ఇరుక్కోలే గదనే?"

"నీ గేటు, మేస్త్రి గోడ, రెండూ నా గునియాతోనే చూసిరి. అందరం ఒక్క దిక్కే వంగినం. ఎట్ల ఇరుక్కుంటది?"

ఆశన్న "అయితే ఫికర్ లేదు," అని వెళ్లిపోయాడు.

మొండయ్య కొత్త గునియాకు కూర్చున్నాడు. విరిగిన పెద్ద రంపపు బ్లేడు ముక్క పట్టీ అయింది, పాత ఇనుప కడ్డీ కాలయింది. మూడు రోజులు రుద్దాడు. వయసు యాభై దాటింది, చూపు మునుపటిలా లేదు. గురువారం సాయంత్రానికి కూడా గీతల మధ్య వెంట్రుకంత తేడా మిగిలే ఉంది.

అప్పుడు గంగవ్వ పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చింది. ఇంట్లోకి కొత్త పనిముట్టు వస్తే మొగుడి మొహం ఎలా ఉన్నా బొట్టు పెట్టాల్సిందే. వేలు కుంకుమలో అద్ది, వెతుక్కోకుండా, గునియా లోపలి మూలలో, కాలు అంచు మీదికి తీసుకుపోయింది.

మొండయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "గక్కడెందుకు?"

"గక్కడనే గద పెడ్తా. పైన పెడితే నీ చెయ్యి తాకి పోతది. నూనెల కలిపి లోపలికి పెడితే ఏడాది దాంక ఉంటది."

"పాతదానికి గూడ?"

"ఇరవై ఆరు దసరాల సంది."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మొండయ్య పాత గునియాను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. లోపలి మూలలో పేరుకున్న కుంకుమ నూనె తాగి తాగి ఇనుము రంగుకొచ్చేసి, కాలును అంచుకు పూర్తిగా ఆననివ్వడం లేదు. కిరోసిన్ పోసి వెదురు పుల్లతో గీకాడు. నలుపు కింద ఎరుపు, దాని కింద పసుపు, మళ్లీ ఎరుపు. పూజ చేసిన బొట్టును తుడవకూడదని ప్రతి దసరాకూ తనే చెప్పేవాడు.

పూర్తిగా ఊడొచ్చాక గుడ్డతో తుడిచి గీత గీశాడు. బోర్లించి మళ్లీ గీశాడు. పలక మీద ఒక్కటే గీత ఉంది.

"ఠీక్," అన్నాడు మొండయ్య. ఈసారి కన్నీళ్లకు రజను సాకు చెప్పలేదు, ఎదురుగా ఉన్నది గంగవ్వే కదా.

ఆమె తన పళ్లెంలో రాలిన ఎర్రటి పెళ్లలను చూసింది. "అంటే తప్పు నాదన్నట్టు."

"నీది గాదు, ఉస్తాద్‌ది గాదు. ఇరవై ఆరేండ్లు దాన్ని అడగంది నేను."

శనివారం చక్రపాణి కొత్త దిమ్మెలకు జర్మనీ గునియా ఆనించాడు. వెలుగు రాలేదు. మొండయ్య పాత గునియాను కూడా అడిగి తీసుకుని, ముందుకూ వెనక్కూ తిప్పి చూసి, నమ్మలేక ఇంకోసారి చూశాడు. "చేత్తో చేశారా దీన్ని! దీనికి మా ముద్ర ఉండాలండీ," అంటూ సంచిలోంచి 'తనిఖీ అయినది' అన్న మందపాటి కాగితం చీటీ తీసి, వెనక గమ్ము నాకి, గునియా లోపలి మూలకు తీసుకెళ్లాడు.

"సారు, గక్కడ..."

"పైన అంటిస్తే చెయ్యి తగిలి ఊడిపోతుందండీ. ఇక్కడైతే ఏడాదంతా ఉంటుంది."

మొండయ్య లోపలికి కేకేశాడు. "ఏమే, గిటు రా. సారుకు జెర నువ్వే చెప్పు."

గంగవ్వ వచ్చి చీటీని చూసింది, సారు వేలు ఎక్కడుందో చూసింది. "గక్కడ పెట్టద్దు సారూ," అంది. "డబ్బా మీద పెట్టున్రి. నేను గూడ గిప్పుడు గక్కడనే పెడ్తున్న."

టేకు డబ్బా మూత మీద కొత్త కుంకుమ బొట్టు ఇంకా తడిగా ఉంది. చక్రపాణి దాని పక్కనే చీటీ అంటించాడు.