ఒరిస్సా నంబరు కారు

ఇంజను నంబరు రాయాల్సిన గడి దగ్గర కూర్మనాథం ఆగి, కలం పాళీని తలకి రాసుకున్నాడు. కాస్త నూనె తగిలితే పాళీ గీరుకోదని ఆయన నమ్మకం. శ్రీకాకుళంలో మోటారు బళ్ల ఆఫీసుకి ఎదురుగా, మరిడమ్మ టీకొట్టు అరుగు మీద, పదిహేనేళ్లుగా అదే చాప, అదే రేకుపెట్టె. ఒక మోకాలు పైకి మడిచి, పెట్టె మీద కాగితం పెట్టుకుని ఫారాలు నింపుతాడు. సన్నటి మనిషి. చెవుల మీద తెల్ల వెంట్రుకలు. పొందూరు ఖద్దరు చొక్కాకి కుడిచేతి అంచున ఎన్ని ఉతుకులు ఉతికినా పోని సిరామరక.

జిల్లాలో ఎవరు కారు కొన్నా ఆ అరుగు దాటాల్సిందే. కొన్నవాళ్లందరికీ ఒకటే రంధి: ఎక్కడ రిజిస్టరు చేయిస్తే చవక? విశాఖపట్నంలో ఎంతవుతుంది, బరంపురంలో ఎంతవుతుంది, మద్రాసు నంబరుంటే ఏం తంటా, అన్నీ ఆయనకి నోటికొచ్చు. అన్నీ ఓపిగ్గా చెప్పి, ఆఖర్న "బండి రాత్రిపూట ఎక్కడ పడుక్కుంటుందో అక్కడే చేయించుకోండి బాబూ, తరవాత ఏడవక్కర్లేదు" అనేవాడు. ఆ మాట ఎవరికీ రుచించేది కాదు. పోనీ, ఇన్ని కార్లకి జాతకాలు రాసిన మహానుభావుడు ఒక్కసారైనా కారెక్కాడా అంటే, అబద్ధమెందుకు, లేదు. ఎవరూ ఎక్కమనలేదు, ఆయన అడగలేదు. ఇంట్లో భార్య లక్ష్మీకామేశ్వరి మాత్రం "ఊళ్లో కార్లన్నీ మీ చేతిమీదుగానే పోతాయి, మీకు మాత్రం నడక తప్పదు" అని దెప్పుతుండేది.

అరవయ్యెనిమిది ఫిబ్రవరిలో ఆ మధ్యాహ్నం కళింగపట్నం అసిరయ్య ఆఫీసులోంచి బయటికొచ్చి, అరుగు మీద కూలబడ్డాడు. పన్నెండేళ్లు ఇంకొకరి టాక్సీ తోలి, భార్య పుట్టింటివాళ్లిచ్చిన పల్లపు పొలం అమ్మి, బరంపురంలో పాత అంబాసిడరు కొన్నాడు. దాన్ని ఈ జిల్లా నంబరులోకి మార్పించుకోవడానికి ఆ రోజే ఆఖరి గడువు.

"ఏటిరా, ఏమైంది?"

"అక్కడ మార్చి దాకా పన్ను కట్టీసినారు బాబూ. ఆ రసీదు సూపిత్తే, ఇది ఒడియాలో ఉన్నాది, మాకు సదవడం రాదు, మల్లీ మొత్తం కట్టమంతన్నారు. నూట ఎనభై! నానేటి సేసీది? నా కాడ ఇరవై రెండు రూపాయిలున్నాయి. బండి తిరగ్గొట్టీసి, మల్లీ ఆ టాక్సీ వోడి కాళ్లే పట్టుకుంతాను."

"నోరుముయ్యి. ఆ కాగితం ఇలా తే."

కూర్మనాథం చదువుకున్నది పర్లాకిమిడిలో. గుండ్రటి ఒడియా అక్షరాలు చూడగానే ఆయన మొహం విప్పారింది. రసీదుని మాట పొల్లుపోకుండా తెలుగులోకి రాశాడు. చినిగిన మూల దగ్గర "ఇక్కడ ఒక మాట కనబడుట లేదు" అని కూడా రాశాడు. దాచేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆయనకి తెలుస్తుంది కదా!

ఎప్పుడూ ఆఫీసు గుమ్మం తొక్కనివాడు, ఆ రోజు తనే మెట్లెక్కాడు. పైమెట్టు మీద ఆగి, గుండె రాసుకుని, లోపలికెళ్లాడు. హెడ్ గుమాస్తా నరసింగరావు కాగితం రెండుసార్లు చదివి, కనబడని మాట గురించి రాసిన చోట వేలు పెట్టాడు.

"దీని కింద సంతకం చేస్తారా పంతులుగారూ?"

"చెయ్యడానికే వచ్చాను."

అక్కడి పన్నుకీ ఇక్కడి పన్నుకీ ఉన్న తేడా పందొమ్మిది రూపాయలే. అది కట్టేసరికి పని అయిపోయింది. అసిరయ్య కళ్లనీళ్లు పెట్టుకుని, మిగిలిన మూడు రూపాయలూ ఆయన చేతిలో పెట్టబోయాడు.

"పెట్రోలు పోయించుకోరా. నాది రేపిద్దువుగాని."

"అయితే ఎక్కండి బాబూ. మిమ్మల్ని ఇంటికాడ దించందే నాను ఎల్లను."

కాదు కూడదన్నాడు, చీకటి పడకముందే నడిచిపోతానన్నాడు. మరిడమ్మ కొట్లోంచి కేకేసింది. "ఎక్కండి బాబూ, ఏటా మొగమాటం!" అసిరయ్య ముందుకెళ్లి స్టీరింగు పట్టుకున్నాడు. కూర్మనాథం వెనక తలుపు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, ఎక్కి, సీటు చివర ఒదిగి కూర్చున్నాడు.

కారు నాగావళి వంతెన మీదికొచ్చింది. నది మీంచి చల్లగాలి.

"ఒరే అసిరయ్యా, కుదుపే లేదేంట్రా! కాస్త నెమ్మదిగా పోనీ."

ఇంతకంటే నెమ్మదిగా తోలితే ఎడ్లబండి దాటిపోతుందని అసిరయ్య నవ్వాడు. వెనకనుంచి మాట రాలేదు. పెద్దాయన నది చూసుకుంటున్నాడనుకుని హారను కూడా కొట్టలేదు.

ఇంటిముందు కారు ఆగగానే లక్ష్మీకామేశ్వరి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంతోషం పట్టలేకపోయింది పాపం. "ఎక్కేరన్నమాట! ఇరుగుపొరుగుని పిలవనా?" అంటూ తలుపు తీసి, ఆయన పాదాలకేసి చూసింది. "అదేమిటండీ, చెప్పులేవీ?"

ఆయన తల సీటుకి ఆనించి ఉంది. ఆవిడ మోకాలు తట్టింది. మళ్లీ తట్టింది. అసిరయ్యకి ముందు అర్థమైంది.

అక్కడ కొట్టు కట్టేస్తున్న మరిడమ్మకి రోడ్డు మీద, కారు తలుపు ఉన్నచోట, చెప్పుల జత కనబడింది. ఇంట్లోకి వెళ్లేవాడు గడప బయట విడిచినట్టు, పక్కపక్కనే సర్ది ఉన్నాయి. "ఓరి నా తల్లే, కారెక్కడానికి సెప్పులిప్పీసినారా బాబు!" అని నవ్వుకుంది. పొద్దున్నే వస్తారు కదా అని, పశువులు తొక్కకుండా అరుగెక్కించి, చాప పక్కన పెట్టింది. ఎడమ చెప్పుకి బొటనవేలి దగ్గర కొత్తగా వేయించిన తోలు అతుకు, ఇంకా మాసిపోలేదు.