తాబి అంటే మంత్రం కాదు

"ఇంతకీ ఎలా ఉంది ఆ పుస్తకం? తొందరగా చెప్పు నెనీ, నేను రాసుకోవాలి," అన్నాడు రోడెల్, కాఫీ కప్పు పక్కన కాగితాలు సర్దుకుంటూ.

నెనిటా కొబ్బరిపాలలో నానిన బంకబియ్యాన్ని లేత ఆకు గొట్టాల్లో కూరుతోంది. సాయంత్రం కాలేజీ హాల్లో పఠన సంఘం సమావేశం. వచ్చే నలభై మందికీ ఇబోస్ పొట్లాలు ఆమే ఉడికించాలి. ఆ సంఘానికి అధ్యక్షుడు రోడెల్. రోహాస్ ఊళ్ళో ఇంగ్లీషు మాస్టార్లు ఎందరున్నా పుస్తకాల గురించి అంత బాగా మాట్లాడేవాడు లేడంటారు. ఆ పుస్తకాలు చదివేది మాత్రం నెనిటా. పెళ్ళైన మూడో ఏట అతనికి జ్వరమొస్తే ఒక నవల చదివి చెప్పింది. పందొమ్మిదేళ్ళయింది, ఆ జ్వరం ఇంకా తగ్గలేదు.

చదువుకోవడానికి ఆమెకంటూ ఒక కుర్చీ లేదు. పొయ్యి దగ్గర నిలబడి, ఉతికిన బట్టలు ఆరేలోపు పెరటి మెట్టు మీద, అలా చదువుతుంది. అత్తగారు బతికున్నన్నాళ్ళూ "పుస్తకం పట్టుకున్నావంటే చేపలు మాడతాయే పిల్లా" అంటూ ఉండేది. చేపలు ఒక్కసారీ మాడలేదు. అయినా అంటూనే పోయింది.

ఈసారిది కారిస్ అనే అమ్మాయి రాసిన మాయల నవల. ఆమె తల్లిదండ్రులు ఇక్కడివాళ్ళే, ఆమె పుట్టి పెరిగింది మాత్రం టొరంటోలో. వెళ్ళిపోయినవాళ్ళ పిల్లలు రాసే పుస్తకాలంటే నెనిటాకి మొదట్లో ఒళ్ళు మండేది. ఎప్పుడు చూసినా అదే వాన, అవే మామిడిపళ్ళు, దయ్యాలతో ముచ్చట్లాడే అమ్మమ్మ. ఇక్కడున్నవాళ్ళం బియ్యం కడగమా, బస్సు కోసం నిలబడమా అనుకునేది. పోను పోను అర్థమైంది. చేజారిపోయింది ఏదైనా మాయలాగే కనిపిస్తుంది, పాపం వాళ్ళ తప్పేముంది. మరి ఊరు దాటి ఎరగనిదాన్ని, నాకెందుకు ఈ కథలు ఇంత ఇష్టం? ఉన్న ఇంట్లోనే పరాయిదాన్నయ్యాను కాబట్టేమో. ఈ ఆలోచన వచ్చిన రోజు ఆమె కూర కలపడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

నూట పన్నెండో పేజీ దగ్గర ఏడ్చేసింది. కథలోని పిల్ల టొరంటోలో సేమ్యా వార్చిన నీళ్ళు సింకులో పోయబోయి ఆగిపోతుంది, 'తాబి' అని ఎవరితో అనాలో తెలియక. ఇక్కడ వేడినీళ్ళు పెరట్లో పారబోసే ముందు ప్రతి ఆడదీ ఆ మాట అంటుంది, కంటికి కనిపించనివాళ్ళెవరైనా ఉంటే పక్కకి తప్పుకుంటారని. అంతా బాగుంది. కానీ చివర్లో అదే పిల్ల 'తాబి' అని గొంతు చించుకుని అరుస్తుంది, భూతాలన్నీ పారిపోతాయి. అక్కడ నెనిటా పుస్తకం మూసేసింది. అది తరిమే మాట కాదు. కాస్త జరగండి, మీకు కాలుతుంది అని చెప్పడం. కనపడనివాళ్ళకే ఇంత మర్యాద చేస్తామే, కళ్ళెదుట తిరిగే నాతో ఈ ఇంట్లో ఎవరైనా ఆ పాటి మాట అన్నారా అనుకుంది.

ఆ ఆఖరిది తప్ప అన్నీ రోడెల్‌కి చెప్పింది.

"మంత్రం కాదు, మర్యాద. అలా రాసుకో."

"సర్లే, అసలు సంగతి చెప్పు. తాబి అనగానే దయ్యాలు పోతాయి, అంతేగా?"

"కాదంటుంటే!"

ఈలోగా ఫోన్ మోగింది. అతను లేచి వెళ్ళిపోయాడు.

సాయంత్రం హాల్లో తెర మీద, టొరంటో నుంచి వీడియో కాల్‌లో కారిస్ కనిపించింది. సన్నటి ముఖం, ముప్పై కూడా ఉండవు. రోడెల్ మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మమ్మా అంతేనండీ. తాబి అని ఒక్క కేక వేసిందంటే దయ్యాలు హడలిపోయేవి. ఆ మంత్రాన్ని మీరు ఉన్నదున్నట్టు పట్టుకున్నారు."

అందరూ చప్పట్లు కొట్టారు. కారిస్ కళ్ళు మెరిశాయి. "హమ్మయ్య. తప్పు రాశానేమోనని ఎంత భయపడ్డానో. అడుగుదామంటే మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. అయితే రెండో పుస్తకమంతా ఆ మంత్రం మీదే రాస్తాను."

నెనిటా పళ్ళెం పట్టుకుని గోడవార నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ తన మాటలు అతని నోట వింది. ఎవరు చెబితేనేం, బాగా చెప్పాడు కదా అని సర్దుకుంది. ఇవాళ తీసుకున్న మాటని పాడు చేశాడు. చేసి, అడిగే దిక్కులేని పిల్ల చేతిలో పెట్టాడు. ఆమె పళ్ళేన్ని కిటికీ గట్టు మీద దించింది.

"అది మంత్రం కాదమ్మా," అంది.

తలలన్నీ ఇటు తిరిగాయి. రోడెల్ నవ్వేశాడు. "మా ఆవిడ. ఇబోస్ చేసింది ఈవిడే. నెనీ, టీ సంగతి చూడు."

"టీ అందరికీ ఇచ్చేశాను," అంది నెనిటా, తెర దగ్గరికి నడుస్తూ. "తాబి అంటే భయపెట్టడం కాదు తల్లీ. నూట పన్నెండో పేజీలో నీ పిల్ల వేడినీళ్ళు పట్టుకుని ఆగిపోయింది చూడు, అదీ సరైనది. చివర్లో ఆ కేక తప్పు. వాళ్ళు కాలిపోతారేమోనని అంటాం ఆ మాట, పారిపోవాలని కాదు."

"ఆ పేజీ ఒక్కటే నా సొంతం," అంది కారిస్. "మిగతాదంతా పుస్తకాల్లో వెతుక్కుని రాశాను. ఆ పేజీ గురించి ఇంతవరకూ నాతో ఎవరూ అనలేదు." ఆమె కళ్ళు తుడుచుకుని, పిన్నిని పిలిచే పిలుపుతో అడిగింది: "తీతా, మీ పేరేంటి?"

"మిసెస్ విల్యారూస్. నా భార్య," అన్నాడు రోడెల్ మైకులో.

"అడిగింది నన్ను," అంది నెనిటా, మైకు కోసం చెయ్యి చాపి.