దాక్కున్న కొలతలు

ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు అడుగు ఎత్తు చేసిన బూట్లు కుట్టే ఆయన్ని వీధిలో అందరూ బూట్ల మేస్త్రి అనేవారు. పదమూడేళ్లుగా తన దగ్గరికొచ్చిన ప్రతి పాదం ఫొటోనూ, కొలతలనూ మనిషికో ఫోల్డర్ పెట్టి కంప్యూటర్లో భద్రం చేసుకున్నాడు.

ఆ సోమవారం పొద్దున తెరిస్తే ఒక్క ఫోల్డరూ లేదు. ముందురోజు ఎవరిదో పెన్ డ్రైవ్ పెట్టిన సంగతి మేస్త్రికి గుర్తొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఎనిమిదేళ్ల పాపను తీసుకుని వాళ్లమ్మ వస్తుంది. కాళ్ల మధ్య తేడా మూడేళ్లలో పెరిగిందో లేదో చూశాకే ఆపరేషన్ మాట తేలుస్తానన్నాడు డాక్టరు. ఆ కొలతలు ఇంకెక్కడా లేవు.

కొట్లో సాయంగా ఉండే బావమరిది పెదవి విరిచాడు. "వైరస్ మింగేసింది బావా. ఫార్మాట్ కొట్టి మొదట్నుంచి మొదలెడదాం."

"మింగితే కడుపులో ఉంటాయిగా! ఇదిగో, డిస్కు సగం నిండే ఉందంటోంది. ఖాళీ అయితే అలా ఎందుకంటుంది?"

"నీది ఉడుంపట్టు."

"సరేలే, మౌస్ మీంచి చెయ్యి తియ్యి."

దాచిన ఫైళ్లు చూపించమని మెనూలో టిక్కు పెట్టాడు. ఏమీ రాలేదు. మళ్లీ చూస్తే ఆ టిక్కే మాయమైంది. మూడుసార్లు పెట్టాడు, మూడుసార్లూ పోయింది. ఇక లాభం లేదని, తన దగ్గర బూట్లు కుట్టించుకునే కంప్యూటర్ టీచరుకు ఫోన్ చేశాడు.

"ముందు యాంటీవైరస్‌తో శుభ్రం చెయ్యండి మేస్త్రిగారూ. లేకపోతే మీరు తీసేకొద్దీ అది దాస్తూనే ఉంటుంది" అందావిడ.

దానికి గంటన్నర పట్టింది. మళ్లీ ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పింది.

"మీ ఫోల్డర్లకి అది రెండు ముసుగులేసింది. ఒకటి దాచినవని, రెండోది సిస్టం సొంతవని. రెండూ కలిపి తీయాలి. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టండి."

తెర మీద ఆదేశాలు కొట్టే నల్లటి కిటికీ తెరిచి, ఆవిడ చెప్పింది ఒంటివేలితో కొట్టాడు. తప్పంది కంప్యూటరు.

"ఆ ఆదేశంలో ప్రతి గీతకీ ముందు ఖాళీ వదిలారా?" అందావిడ.

వదల్లేదు. రెండోసారి ఓ అక్షరం జారింది. బావమరిది గోడ గడియారం వైపు చూశాడు, రెండున్నర. మేస్త్రి తల తిప్పలేదు. తోలు మీద కుట్టు కుట్టూ సరిచూసుకున్నట్టు ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతూ కొట్టి, ఎంటర్ నొక్కాడు.

"ఏమీ అనడం లేదమ్మా."

"తిట్టలేదంటే ఒప్పుకున్నట్టే. కాస్సేపాగి ఫోల్డర్ తెరవండి."

తెరిచాడు. పేర్ల వెనక పేర్లు, వరసకట్టి దిగాయి. మేస్త్రి అప్పుడే పాప ఫోల్డర్ వెతకడంలో పడ్డాడు. "ఉన్నాయక్కా, అన్నీ ఉన్నాయి!" అని బావమరిదే ఫోన్లో అరిచాడు.

మూడింటికి తల్లితో పాప వచ్చింది. మేస్త్రి పాపను బల్ల మీద నిలబెట్టి కాళ్ల తేడా కొలిచాడు. ఇరవై రెండు మిల్లీమీటర్లు. ఫోల్డర్లో మూడేళ్లవీ చూశాడు. అవీ ఇరవై రెండే.

"అంటే?" అంది తల్లి.

"తేల్చాల్సింది డాక్టరుగారమ్మా. తేడా మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగలేదు."

కొలతలన్నీ మేస్త్రి రాసిచ్చిన కాగితాన్ని ఆమె రెండు చేతులతో అందుకుంది. ఇప్పట్లో ఆపరేషన్ అక్కర్లేదన్నారని మర్నాడు ఆమె ఫోన్ చేసేసరికి, మేస్త్రి ఫోల్డర్లన్నిటినీ కొత్త డిస్కులోకి ఎక్కిస్తున్నాడు. ఇంకొకరి పెన్ డ్రైవ్ ఇటు రాకుండా బావమరిది గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నాడు.