తోమిన రూపాయి

మార్కాపురం బజారులో బుడే సాహెబును చెడ్డవాడని ఎవరూ అనరు. ఆయనకున్న చెడ్డ అలవాటు ఒకటే. ఎదుటి మనిషి మొహం చిన్నబోతే చూడలేడు. గడియారాలు బాగుచేస్తూ పాత నాణేలు కొనే మనిషికి ఇంత మెత్తని గుండె పనికిరాదని భార్య సైదాబీ పోరుతూనే ఉంటుంది. ఆయన వింటేగా!

దోర్నాల దారిలోని పల్లె నుంచి సుబ్బులమ్మ వచ్చిన రోజు కూడా అదే జరిగింది. రోగం తగిలి ఆమె మేకలన్నీ ఒక్క వారంలో పోయాయి. ఇంట్లో మిగిలింది అత్త ఇచ్చిన విక్టోరియా రాణి రూపాయి. అది అమ్మి మళ్లీ మేకలు కొందామని ఆశ. గుడ్డ మడత విప్పగానే రూపాయి తళతళలాడింది.

"చింతపండు, బూడిద ఏసి తోమినానన్నా. మసిబొగ్గు మాదిరి ఉండె. అట్ల ఎట్ల తెస్తాను నీ కాడికి?" అంది సంబరంగా.

సాహెబు కంటికి భూతద్దం బిగించి రూపాయిని వెలుతురులో తిప్పాడు. రాణి చెంప మీద పాత గీత ఒకటి ఉంది. అది పెద్ద లోపం కాదు. పది చేతులు మారిన నాణెం మీద గీతలు పడకుండా ఉంటాయా? కాస్త ధర తగ్గుతుంది, అంతే. కానీ మొహం నిండా వెంట్రుకల్లాంటి సన్న గీతలు, అన్నీ ఒకే వైపుకు. తోముడు గీతలు. నూరేళ్లుగా పట్టిన నలుపుతోపాటే విలువా పోయింది. నాణేలకు గ్రేడు వేసే కంపెనీవాళ్లు తోమినవాటికి నాణ్యత నంబరే ఇవ్వరు. ఇక దానికి వెండి ధరే దిక్కు.

నీ చేతులతో నువ్వే పాడుచేసుకున్నావని ఆ నవ్వు మొహంతో ఎలా చెప్పడం?

"ఈ గీత ఉంది చూడు చెల్లెమ్మా, దీనివల్ల ధర పడిపోయింది" అన్నాడు. మనసొప్పక వెండి ధర మీద ఇంకో వెయ్యి కలిపి ఇచ్చాడు. సుబ్బులమ్మ దణ్ణం పెట్టి వెళ్లింది. అబద్ధమాడినా మంచిపనే చేశానని సాహెబు ఆ పూట కడుపునిండా తిన్నాడు.

పది రోజులకు సుబ్బులమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి వెంట వదిన పాపమ్మ. ఆమె మందనూ అదే రోగం ఊడ్చేసింది. పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు పలకలు నునుపు చేసిన మనిషి. కొంగు ముడి విప్పి తన రాణి రూపాయి బల్ల మీద పెట్టింది.

దాని మీది సంవత్సరం చూసి సాహెబు లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్లలో ఆ ఏటి రూపాయి ఆయన చేతికి రాలేదు. మంద మొత్తాన్ని తిరిగి తెచ్చిపెట్టగల రూపాయి. ఆత్రంగా భూతద్దం పెట్టి చూశాడు. అలాగే కుర్చీలో కూలబడ్డాడు. నాణెం అద్దంలా ఉంది. రాణి రవిక మీది పూలు కూడా అరిగిపోయాయి.

"గీత ఉంటే ధర పడిపోతాదని సాయిబన్న చెప్పినాడంట గదా. మా సుబ్బులు చెప్పింది" అంది పాపమ్మ గర్వంగా. "దీని మీద రెండుండె. పలకపొడి ఏసి మూడు దినాలు రుద్దినా. ఇప్పుడు ఎతుకు, ఒక్కటి దొరకదు."

ఇక దాచడానికి లేదు. సాహెబు తల వంచుకుని అంతా చెప్పాడు. గీతలున్నా ఆ రూపాయి ఎంత పలికేదో, రుద్దడంతో ఏమైందో చెప్పాడు. పాపమ్మ అరిగిన తన వేళ్ల వంక చూసుకుంటూ కూర్చుంది. అది చూడడం కంటే తిట్లు తినడం నయమనిపించింది ఆయనకు.

సుబ్బులమ్మ అడిగింది. "అయితే నా రూపాయి గూడా తోమినందుకే పోయిందా?"

"అవును చెల్లెమ్మా."

"మరి ఆ పొద్దు గీత అంటివే?"

"నువ్వు బాధపడతావని..."

"బాధపడితే నేనొక్కదాన్నే పడేదాన్ని గదన్నా" అంది సుబ్బులమ్మ. "ఇంటికి పోయి, నీ రూపాయి ముట్టుకోవద్దు వదినా అని చెప్పేదాన్ని."