దున్నని మడి

"మనుషులకి తాలింపులోకి లేవు గానీ, ఎర్రలకి ఆవాల నీళ్ళట!" మిక్సీ మోత మీదుగా అత్తగారు దెప్పింది. ఆవపిండి నీళ్ళు పోస్తే ఆ ఘాటుకి వానపాములు పైకొస్తాయనీ, అప్పుడే లెక్క తేలుతుందనీ కోడలు ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఈసారి పిండిని బిందెడు నీళ్ళలో కలుపుకుంది.

మూడేళ్ళ కిందట పరిశోధన కేంద్రం వాళ్ళు వీళ్ళ పొలంలో పక్కపక్కన రెండు మళ్ళు పెట్టించారు. ఒకటి దున్ని మందులు చల్లేది, రెండోది దున్నకుండా గడ్డి కప్పి వదిలేసేది. నెలనెలా రెండింటిలోనూ వానపాముల్ని లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. పుస్తకం మీద పేరు మొగుడిది, వంగిన నడుము ఈమెది. దున్నిన మడిలో మూడో నాలుగో. గడ్డి మడిలో ముప్ఫై దాకా. ఆ గడ్డిలో కూర్చున్నంతసేపూ "ఏమేవ్, ఎక్కడ చచ్చావ్?" అన్న కేక వినపడదు. పెళ్ళయ్యాక ఆమెకి ఊపిరాడిన చోటంటూ ఉంటే అదొక్కటే.

నిన్న అన్నం దగ్గర అతడు, "రేపు కేంద్రం నుంచి పెద్దావిడ చూడ్డానికొస్తోంది. ఆ చెత్త మడి దున్నించేస్తా, శుభ్రంగా ఉంటుంది," అన్నాడు. వద్దండీ, దున్నకపోవడమే కదా అసలు పరీక్ష అని మొత్తుకుంది. "నీ పుట్టింటివాళ్ళిచ్చిన మడా? కూర వెయ్యి," అన్నాడు.

ఇవాళ బిందెతో చేలోకి వెళ్ళేసరికి ట్రాక్టరు గట్టెక్కుతోంది. మడి మడంతా తిరగబడింది. తెగిన ముక్కల్ని కాకులు ఏరుకు తింటున్నాయి. అయినా అలవాటైన చేతులు నీళ్ళు పోసి లెక్కపెట్టాయి.

శాస్త్రవేత్త వచ్చి చూసి నిలువునా నీరైపోయింది. "అయ్యో, దున్నేశారేంటండీ! మూడేళ్ళ పని!"

అతడి మొహంలో నెత్తురు లేదు. తడుముకోకుండా ఈమెవైపు వేలు చూపించాడు. "మా ఆవిడేనండీ. తెలీక దున్నించేసింది. ఆడవాళ్ళు కదా!"

ఆ మడిలో ఆమె చెయ్యి ఉందని అతడు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. నవ్వొచ్చింది ఆమెకి, కడుపు మండింది కూడా. సాయంత్రం ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో తెలుసు. ఉండాల్సింది ఆ ఇంట్లోనేననీ తెలుసు. అతడి చంకలోంచి పుస్తకం లాక్కుంది.

"దున్నించింది ఆయనండీ. మూడేళ్ళూ లెక్కపెట్టింది నేను. ఈ మడిలో ఈ నెల నాలుగే. నా పేరుతో రాసుకోండి."