తువ్వాల కింద మెడ

2006 మార్చి 15, బుధవారం ఉదయం ఐదున్నరకు నారయ్య రేకుల గదికి గొళ్లెం పెట్టి, మెడకు తువ్వాల చుట్టుకున్నాడు. వయసు యాభై రెండు. ఇబ్రహీంపట్నం నుంచి మంచాల పోయే రోడ్డు పక్కన కంకర మిషన్ దగ్గర పదకొండేళ్లుగా పని. ఆ కంకర పట్నంలో లేస్తున్న అపార్టుమెంట్లకు పోతుంది. భార్య పోయింది, పిల్లలు లేరు, ఊళ్లో ఇల్లు కూలింది. గది మిషన్ యజమానిది. ఆయాసపడేవాణ్ణి పనిలోంచి తీసేస్తారు. తీసేసిననాడే గది ఖాళీ చేయాలి.

ఊపిరి పీల్చినప్పుడల్లా నారయ్య మెడకు రెండు వైపులా రెండు తాళ్లు లేస్తాయి. తువ్వాల వాటిని కప్పడానికి.

"ఇంత ఎండలో ఆ తువ్వాలేంటి నారయ్యా, పెళ్లిచూపులకా?" అన్నాడు పొద్దెక్కాక సూపర్‌వైజర్ రామారావు.

"మెడలు పట్టినయ్ సారూ."

అది అబద్ధం కాదు. గంపలు మోసి మెడ పట్టిందని, మెడ పట్టినందుకే ఊపిరి ఆడటం లేదని అతని నమ్మకం. రెండు నెలలుగా బస్టాండు దగ్గర మంగలి వీరస్వామి చేత నూనె రాయించుకుంటున్నాడు.

మధ్యాహ్నం తిండి వేళ అక్కడికే పోయాడు. వీరస్వామి మెడ పిసుకుతూ ఆగాడు.

"పహిల్వాన్ మెడ అనుకున్న గని, అన్నా, బరువు దించినంక కండ ఊకుంటది. నువ్వు కూసున్నా గిది ఎగురుతనే ఉన్నది. ఇది నా చేతి పని కాదు. దవాఖానకు పో."

అటునుంచే పోయిన దవాఖానలో డాక్టర్ కిరణ్మయి చెవి వెనక ఎముక నుంచి రొమ్ము ఎముక దాకా వేలితో గీత గీసి చూపింది.

"ఈ కండ పని తల తిప్పడం. మీలో ఇది ఊపిరి లాగుతోంది. లోపల ఊపిరితిత్తులు రాతిపొడితో గట్టిపడ్డాయి. అవి లాగలేనిది మెడ లాగుతోంది. జబ్బు మెడది కాదు నారయ్యా. దుమ్ములో పని ఇవాళే మానేయండి. పట్నం దవాఖానకు రాసిస్తాను."

"మెడనొప్పి అని రాయి మేడం. ఊపిరని రాస్తే రూము పోతది."

"ఉన్నదే రాస్తాను."

"జర ఆగుండ్రి, మల్లొస్త," అని చీటీ తీసుకోకుండా లేచాడు. రెండింటికి మళ్లీ గంప ఎత్తాడు. ఆరింటికి దించాడు.

గురువారం ఉదయం ఆరింటికి మిషన్ మొదలైంది. నారయ్య రాలేదు. ఏడింటికి తోటి కూలీ బాలరాజ్ వెళ్లి తలుపు నెట్టాడు. నారయ్య మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టి, ముందుకు వంగి ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది.

మంచాల నుంచి వరసకు తమ్ముడొకడు ట్రాక్టర్‌లో వచ్చి శవాన్ని తీసుకుపోయాడు. సాయంత్రం గదిని కొత్త కూలీకి ఇచ్చారు. సామాను దించుతుంటే కిటికీలో, బుధవారం పని దిగాక నారయ్య కొని తెచ్చుకున్న కాగితం పొట్లం కనిపించింది. అందులో గొంతులోని దుమ్ము దిగుతుందని కంకర కూలీలు తినే బెల్లం ముద్ద, ఒక పక్క కొరికినది, ఉంది.